అడిగాడా, లేదా

కుట్టుకొట్టు పై గది,
ఆదివారం

అమ్మా, నమస్కారం.

ముందే చెబుతున్నాను, నా రాత చూసి నవ్వుకోకండి. కోడి కెలికినట్టుంటుంది. ఊరి బడిలో నాలుగు ముక్కలు నేర్చుకున్నాక సూది పట్టుకున్నాను, మళ్లీ కలం పట్టింది తక్కువ. ఒత్తులు, దీర్ఘాలు తప్పుపోతే మీరే సర్దుకుని చదువుకోండి. ఫోను చెయ్యొచ్చుగా అంది మా మరదలు. ఫోనులో నాకు మాట పెగలదు.

నేనెవరో చెప్పలేదు. ఆ రోజు మీ పక్క సీట్లో కూర్చుని విమానం నడిపిన కెప్టెన్ నా తమ్ముడు. మీకు కెప్టెన్, మాకు చిన్నోడు. అమ్మకు ఆఖరి కాన్పు. వాడికి నడక రాకముందే అమ్మ పోయింది. నేనే పెంచాను. నాకు పిల్లలు లేరు. అందుకని వాడు తమ్ముడో కొడుకో తేల్చుకోవాల్సిన అవసరం పడలేదు.

మీ కాలికి బాగా దెబ్బ తగిలిందని పేపర్లో చూశాను. ఎముక అతికేదాకా తొందరపడి నడవకండి.

ఒక్క సంగతి అడగాలని రాస్తున్నాను. మనసు ఒప్పకపోతే జవాబివ్వొద్దు. చివర్లో వాడు ఏమైనా అన్నాడా? మరదలు ఇంట్లో మాట్లాడటం మానేసింది. వాళ్లమ్మాయి కాలేజీ మానేసింది. వాడి నోటి మాట ఒక్కటి దొరికితే పట్టుకెళ్లి వాళ్ల ముందు పెడదామని.

ఇంతకన్నా రాయడం నాకు రాదు.

చిన్నోడి అన్న


ఎముకల వార్డు,
కిటికీ పక్క మంచం

పెద్దవారికి నమస్కారాలు.

మీ ఉత్తరం నర్సు తెచ్చి దిండు పక్కన పెట్టింది. మీ రాతకేం? ఇక్కడి డాక్టర్ల చీటీల ముందు అది ముత్యాల కోవ.

నాకు మీరు తెలుసు. కెప్టెన్ గారు మీ కబుర్లు చెప్పేవారు. కొన్న చొక్కా వేసుకుంటే అన్న అలుగుతాడని, అందుకే విదేశాల్లో దిగినా బట్టల షాపు వైపు చూడనని నవ్వేవారు. ఆయన కాలర్ ఎప్పుడూ కత్తిలా ఉండేది. మేం కుర్ర పైలట్లం దాని మీద జోకులు వేసుకునేవాళ్లం. ఏమనుకోకండి.

ఆయన ఏం చేశారో మీకు తెలియాలి. రెండు ఇంజన్లూ ఆగిపోయిన విమానం అంటే గాల్లో జారుతున్న ఇనుము. దాన్ని ఆయన ఇళ్ల మీద పడనివ్వలేదు. ఊరి అంచు దాటించి, సముద్రం పక్కన ఉప్పు మళ్లలో పొట్ట మీద దింపారు. చక్రాలు దింపితే బురదలో దిగబడి పల్టీ కొడుతుందని వాటిని లోపలే ఉంచేశారు. అంత తక్కువ ఎత్తులో అంత ఆలోచన ఎవరికీ రాదు. నాకు రాలేదు. అంతా బాగానే జారుతోంది, గట్టు మీది పంపుగది గోడ ఒకటి అడ్డొచ్చింది. అది ఎడమవైపు తగిలింది. ఎడమ సీటు ఆయనది. వెనక ఉన్నవాళ్లలో చాలామంది తమ కాళ్లతో నడిచి బయటికి వచ్చారు. కొందరు రాలేదు.

చివర్లో ఏమన్నారని అడిగారు. పని మాటలేనండీ. ఆ సమయంలో మాకు వేరే మాటలు ఉండవు. ఇంతకు మించి చెప్పలేకపోతున్నందుకు క్షమించండి.

మీ
కో-పైలట్


కుట్టుకొట్టు పై గది,
వానలు మొదలయ్యాక

అమ్మా,

మీ ఉత్తరం మరదలికి చదివి వినిపించాను. చక్రాల సంగతి రెండుసార్లు చదివించుకుంది. ఆ పూట కాస్త ఎంగిలి పడింది.

ఇప్పుడు పరిస్థితి తిరగబడింది. విచారణవాళ్ల మొదటి రిపోర్టు బయటికొచ్చింది. మీరూ చూసే ఉంటారు. చెడిపోయింది ఎడమ ఇంజనట, మా వాడు ఆపేసింది బాగున్న కుడి ఇంజనట. ఆపే ముందు లివర్ మీద చెయ్యి పెట్టి పక్క పైలట్‌ని అడగాలట, ఆ మనిషి మీటరు చూసి అవునంటేనే లాగాలట. అది మీ పద్ధతట. అడిగినట్టు ఆధారం లేదట. మాటలు రికార్డు చేసే పెట్టెలో ఆ కాసేపూ అదురుడు చప్పుడు తప్ప మాట తెలియడం లేదట. పక్కనున్న మీకూ గుర్తు లేదన్నారట. అందుకని "తొందరపాటుతో, ఎవరినీ అడగకుండా" అని రాసేశారు. పేపర్లో ఆ ముక్క పెద్ద అక్షరాల్లో వేశారు.

నాకు విమానాల గురించి తెలియదు. ఒక్కసారి ఎక్కాను, వాడు ఎక్కిస్తే. కళ్లు మూసుకునే కూర్చున్నాను. తప్పు లాగాడంటే లాగే ఉంటాడు, మనిషే కదా. కానీ అడగకుండా అన్న మాట నాకు గొంతు దిగడం లేదు. వాడు చిన్నప్పటి నుంచీ అడగనిదే ఏదీ చెయ్యడు. పెళ్లిచూపుల్లో పిల్ల నచ్చిందా అని పెద్దలు అడిగితే నా వైపు చూశాడు.

"పెళ్లి నీకా నాకా?" అన్నాను.

"నాకే. అయినా నువ్వు ఊఁ అను," అన్నాడు అందరి ముందూ.

మరదలు ఇప్పటికీ ఆ మాట పట్టుకుని దెప్పుతుంది. దెప్పేది.

కొట్టుకు వచ్చేవాళ్లు తగ్గారు. వచ్చినవాళ్లు కొలతలిచ్చేటప్పుడు గోడ వైపు చూస్తున్నారు. అది సరే. మీరు పక్కనే ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను.

అమ్మా, వాడు అడిగాడా, లేదా?

చిన్నోడి అన్న


అద్దె గది, మూడో అంతస్తు

పెద్దవారికి,

నన్ను ఆసుపత్రి నుంచి పంపించేశారు. చంకకర్రతో నడుస్తున్నాను. మా అమ్మ వచ్చి ఉంది.

మీరు అడిగినదానికి విచారణవాళ్లకు చెప్పిందే మీకూ చెప్పగలను. ఆ కొద్దిసేపు నాకు గుర్తు లేదు. తల అదిరినప్పుడు అలా జరుగుతుందని డాక్టర్లు కూడా రాసిచ్చారు. చివరి విచారణ ఇంకా మిగిలే ఉంది. అప్పటిదాకా ఈ విషయం ఎవరితోనూ ఉత్తరాల్లో మాట్లాడొద్దని మా పైలట్ల సంఘం వాళ్లు గట్టిగా చెప్పారు.

కాలు కుదిరితే మళ్లీ విమానం ఎక్కిస్తామంటున్నారు.

కెప్టెన్ గారి అమ్మాయిని కాలేజీకి పంపండి. ఇంట్లో కూర్చుంటే ఆలోచనలు తినేస్తాయి. నాకు తెలుసు.

ఉంటాను.


కుట్టుకొట్టు పై గది

అమ్మా,

సరే. గుర్తు లేకపోతే లేదు. మిమ్మల్ని ఇబ్బంది పెట్టాను, ఏమనుకోకండి.

రాయడానికి వేరే ఏం లేదు. ఒక సంగతి మాత్రం ఎవరితోనూ చెప్పుకోలేదు, మీతో చెబుతాను.

పోయినవారం ఒకాయన చొక్కా బొత్తాం కుట్టించుకోవడానికి వచ్చాడు. నేను కుడుతుంటే స్టూలు మీద కూర్చున్నాడు.

"మీరు ఆ కెప్టెన్ అన్నగారేనా?"

"అవునండి."

"మా ఆవిడ అందులో ఉంది."

నేను సూది ఆపేశాను. ఆయన, "కుట్టండి, కుట్టండి" అన్నాడు. కుట్టాను. బొత్తాం కాస్త పక్కకు పోయింది. విప్పి మళ్లీ కుడతానన్నాను. "పర్లేదు, ఇంట్లో చూసేవాళ్లు లేరు" అని తొడుక్కుని వెళ్లిపోయాడు. తిట్టినా బాగుండేది.

ఆయన అటు వెళ్లగానే ఒకావిడ పళ్ల బుట్టతో వచ్చింది. తను, తన ఇద్దరు పిల్లలూ ఆ విమానంలోంచి నడిచి వచ్చారట. నా కాళ్లకు దణ్ణం పెట్టబోయింది. నేను బల్ల చాటుకి పోయాను. నేనేం చేశానని?

ఇంటికెళ్లి ఈ రెండూ చెబితే వాడి కూతురు అంది. "పెదనాన్నా, ఒక్క మాట చెప్పు. నాన్న వాళ్లని చంపాడా, బతికించాడా?"

నేను మంచినీళ్లు తాగడానికి లేచాను.

మీ కాలు జాగ్రత్త.


అద్దె గది

పెదనాన్న గారికి,

అలా పిలిచే హక్కు నాకు లేదు. ఈ ఉత్తరం పూర్తిగా చదివాక మీరే కొట్టెయ్యండి.

ఆయన అడిగారు.

నాకు అంతా గుర్తుంది. మొదటి నుంచీ గుర్తుంది. విమానం మబ్బులోకి ఎక్కుతుండగా పెద్ద చప్పుడైంది. ఎంత అదురుడంటే ఎదురుగా ఉన్న మీటర్లు గిలక్కాయల్లా ఊగుతున్నాయి, అంకెలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. కాలిన వాసన. ఆయన కుడి లివర్ మీద చెయ్యి పెట్టి, ఎప్పుడూ మాట్లాడినట్టే నిదానంగా అన్నారు: "కుడిది అనుకుంటున్నా. చూసి చెప్పు."

"అవును సార్" అన్నాను.

నేను చూడలేదు పెదనాన్నా. మీటరు వైపు కాదు, ఆయన మొహం వైపు చూశాను. ఆ మొహంలో కంగారు లేదు. అది చాలనిపించింది. ఆయన తప్పుపోవడం నేనెప్పుడూ చూడలేదు. శిక్షణలో కూడా ఇలాగే చేసేదాన్ని. ఒకసారి కోప్పడ్డారు: "నా మొహమ్మీద ఏం రాసుంది? పెళ్లి సంబంధమా చూడ్డానికి? మీటరు చూసి చెప్పు." అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. అసలు రోజున మళ్లీ మొహమే చూశాను. మీటరు చూసి ఉంటే వణుకుతూనైనా ఎడమదే అని తెలిసేది. ఒక రెప్పపాటు ఆగాల్సింది, అంతే.

కుడిది ఆపగానే అదురుడు తగ్గింది. ఆయన ఎడమదాని వేగం కూడా తగ్గించడం వల్ల తగ్గిందది. మాకు మాత్రం సరిగ్గానే చేశామనిపించింది. తిరిగి వచ్చి దిగబోతూ ఎడమదానికి వేగం పెంచాం. అది విరిగిపోయింది, దాంతో కరెంటు పోయి మాటల పెట్టె కూడా ఆగిపోయింది. అప్పుడు ఆయన మీటర్లన్నీ ఒకసారి చూసుకున్నారు. "మనం తప్పు చేశాం" అన్నారు. మనం అన్నారు. నువ్వు అనలేదు, నేను అనలేదు. కుడిదాన్ని మళ్లీ రాజెయ్యమని నాకు చెప్పి, తను విమానాన్ని ఉప్పు మళ్ల వైపు తిప్పారు. అది అందుకోలేదు. ఎత్తు చాల్లేదు.

గోడ కనబడగానే "పెడళ్ల మీంచి కాళ్లు తీసెయ్" అన్నారు. గోడ తగిలితే కాళ్ల కింది పెడళ్లు వెనక్కి తన్ని ఎముకలు విరుగుతాయని. ఆయన చివరి మాట అదే. మీరు అడిగిన మొదటి ఉత్తరంలోనే చెప్పాల్సింది. అది చెబితే అంతకు ముందు మాటలు కూడా అడుగుతారని భయపడి చెప్పలేదు.

ఆసుపత్రిలో విచారణ అధికారి "ఆయన మిమ్మల్ని అడిగారా?" అన్నప్పుడు మా అమ్మ పక్కనే గ్లాసు పట్టుకుని నిలబడి ఉంది. గుర్తు లేదని నోట్లోంచి వచ్చేసింది. మర్నాడు సరిదిద్దుకోవచ్చనుకున్నాను. మర్నాటికి అది కాగితం మీదికెక్కింది. ఇప్పుడు సంఘం వాళ్లు "నువ్వు కొత్తగా ఏం చెప్పక్కర్లేదమ్మా, గుర్తు లేదు అన్నది బలమైన మాట" అంటున్నారు.

మీ బొత్తాం సంగతి చదివాక నాకు తిండి సయించలేదు.


కుట్టుకొట్టు పై గది

ఉత్తరం అందింది.

మీరు అని రాయడానికి చెయ్యి రావడం లేదు. నువ్వు అనే రాస్తున్నాను.

వాడు మనం అన్నాడు. నువ్వు వాణ్ణి ఒక్కణ్ణి చేశావు.

నాకు చెప్పి ఏం లాభం? నేను గుడ్డలు కుట్టుకునేవాణ్ణి. చెప్పాల్సిన చోట చెప్పు. నీ ఉత్తరం పట్టుకెళ్లి వాళ్ల ముందు పెట్టి నిన్ను ఈడ్చడం నాకు చేతకాదు. చెయ్యను కూడా. మరదలికి చూపించలేదు. పొయ్యిలో పెట్టేశాను. కాబట్టి భయపడకు. చెప్పడమా మానడమా నీ ఇష్టం.

చెప్పేదాకా నాకు రాయకు.


అద్దె గది

పెదనాన్న గారికి,

చెప్పాను. అందుకే రాస్తున్నాను.

గది చిన్నది. ఫ్యాను కింద కాగితాలు ఎగరకుండా గ్లాసులు బరువు పెట్టారు. పెద్దాయన ఒకరు, ఒకప్పుడు పైలటే, నన్ను అడిగారు: "ఆ సమయం గురించి మీరు చెప్పినదానికి కలిపేది ఏమైనా ఉందా?" లేదంటే అయిపోయేది. నా పక్కన కూర్చున్న సంఘం ఆయన అప్పటికే ఫైలు మూస్తున్నాడు.

"ఉందండీ. ఆయన అడిగారు. నేను చూడకుండా అవునన్నాను."

సంఘం ఆయన నా చెయ్యి గుంజుతూ "కూర్చో, కూర్చో" అంటున్నాడు.

"ఇన్నాళ్లూ గుర్తు రానిది ఇవాళ ఎలా గుర్తొచ్చింది?" అన్నారు పెద్దాయన.

"మర్చిపోలేదండీ. అబద్ధం చెప్పాను."

ఆయన కొత్త కాగితం తీశారు. తర్వాత మొత్తం మళ్లీ మొదటి నుంచి చెప్పించారు. మీకు రాసినట్టే చెప్పాను.

మీ మరదలు గారు చివరి వరసలో ఉన్నారని నాకు తెలియదు. బయట వరండాలో ఎదురొచ్చారు. కొడతారనుకున్నాను. కొట్టలేదు.

"ఇంకా ఏమన్నాడు?" అని అడిగారు.

పెడళ్ల మాట చెప్పాను. ఆవిడ నా చంకకర్ర వైపు చూశారు.

"మరి తీశావా?"

"తీశానండీ. ఒకటే వచ్చింది."

"ఒక్కసారైనా ఆయన చెప్పింది సరిగ్గా విని ఉండాల్సింది" అని వెళ్లిపోయారు.

నా లైసెన్సు తీసేసుకున్నారు. మళ్లీ ఇవ్వరు. పేపర్లో నా ఫొటో ఆయన ఫొటో పక్కన వేశారు. గది తలుపు మీద ఎవరో పేడ కొట్టి పోయారు. అమ్మ కడిగింది, నాతో మాట్లాడకుండానే కడిగింది. వారం తిరక్కుండా ఊరెళ్లిపోయింది. విమానం చప్పుడు వినపడితే కిటికీ మూసేస్తున్నాను, అయినా అది ఎక్కుతోందో దిగుతోందో చెవికి తెలిసిపోతోంది.

మీరు నన్ను క్షమించగలరా అని అడగకూడదు. అడగకుండా ఉండలేకపోతున్నాను.


కుట్టుకొట్టు పై గది,
చలి మొదలయ్యాక

అమ్మాయీ,

ఇంత ఆలస్యంగా రాస్తున్నందుకు ఏమీ అనుకోకు. నాలుగు కాగితాలు చింపాను.

కొత్త రిపోర్టు వచ్చింది. ఇద్దరూ బాధ్యులే అని రాశారు. "అడిగారు, చూడకుండా బదులొచ్చింది" అని ఉంది. నా చిన్న చదువుకు ఆ ఒక్క వరస చాలు. బయట మాత్రం ఏమీ మారలేదు. ఆ బొత్తాం ఆయన మళ్లీ వచ్చాడు. రిపోర్టు చదివారా అని నోరు జారాను. "ఒకరైతే ఏంటి, ఇద్దరైతే ఏంటండీ, మా ఇంట్లో పోయింది ఒకత్తే కదా" అన్నాడు. మాట నిజం. చిన్నోడు తప్పు లివర్ పట్టుకున్నాడు. నువ్వు పంచుకున్నంత మాత్రాన వాడి వాటా తరగలేదు. ఇన్నాళ్లూ తరుగుతుందేమోనని ఆశపడ్డాను.

మా ఇంట్లో మాత్రం ఒకటి జరిగింది. విచారణ నుంచి వచ్చిన మరదలు చెప్పులు కూడా విడవకుండా గుమ్మంలో నిలబడి వాణ్ణి తిట్టింది. "అడగడానికి నోరుందిగా, చూడ్డానికి నీకు కళ్లు లేవా? ఆ పిల్ల నీ మొహం చూస్తోందని నీకు తెలుసుగా? తెలిసీ ఎలా నమ్మావయ్యా?" వీధంతా వినపడేలా. పక్కింటివాళ్లు బయటికొచ్చారు. వాళ్ల అమ్మాయి వచ్చి తల్లిని పట్టుకుంది. తర్వాత తనూ తిట్టింది. నేను మందలించబోయి మానుకున్నాను. నేనూ ఒక మాట అన్నాను. ఏమన్నానో రాయను.

వాడు పోయిన దగ్గర్నుంచీ మా ఇంట్లో వాణ్ణి ఎవరూ తిట్టలేదు, పొగడలేదు. పేరెత్తితే ఎక్కడికి దారి తీస్తుందోనని భయం. దొంగ సొమ్ములా దాచుకున్నాం వాణ్ణి. ఇప్పుడు రోజూ తిడుతున్నాం. తిట్టి, మధ్యలో వాడి పిసినారితనం గుర్తొచ్చి నవ్వుతున్నాం, మళ్లీ ఏడుస్తున్నాం. మా మనిషి మాకు తిరిగొచ్చినట్టుంది, తప్పుతో సహా.

పిల్ల కాలేజీకి వెళ్తోంది. నన్నడిగిన ప్రశ్నకు తనే జవాబు చెప్పుకుంది, "రెండూ చేశాడు పెదనాన్నా" అని. పుస్తకాలు సర్దుకుంటూ అంది.

నువ్వడిగింది క్షమించగలనా అని. తెలియదమ్మా. క్షమించానని రాస్తే అది నువ్వు చెప్పిన గుర్తు లేదు లాంటిదే అవుతుంది. ఒక్కోరోజు నీ మీద కోపం ఎంత వస్తుందంటే కత్తెర పక్కన పెట్టి బయటికొచ్చి నిలబడతాను. ఒక్కోరోజు నువ్వు ఆ గదిలో ఒక్కదానివే ఏం తింటున్నావో అనిపిస్తుంది. ఈ రెండూ ఎప్పటికైనా ఒకటవుతాయేమో తెలియదు.

మరదలు నీ ఊసు ఎత్తదు. ఎత్తమని అడగను.

కిటికీలు మూసుకుని కూర్చోకు. ఏదో ఒక పని పట్టుకో, ఏ పనైనా సరే. మీ అమ్మ తిరిగి వచ్చిందా? రాకపోతే నువ్వే వెళ్లు, తిడితే పడు. తిట్టేవాళ్లు ఉండటం మంచిదే. నాకు ఈమధ్యే తెలిసింది.

నన్ను పెదనాన్న అన్నావు, కొట్టెయ్యమన్నావు. ఆ ఉత్తరం కాల్చాను గానీ ఆ పిలుపు కొట్టెయ్యలేదు.

ఎలా ఉన్నావో రెండు ముక్కలు రాయి. ఆలస్యం చెయ్యకు. కోపంగా ఉన్న రోజు అందినా, లేని రోజు అందినా, చదువుతాను.

పెదనాన్న